క్యాన్సర్ వార్డు నుంచి ఇంటికి: గడప లోపల సాగే రెండేళ్ల చికిత్స

రక్త క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న బిడ్డను ఆసుపత్రి ఇంటికి పంపే రోజు ఆ కుటుంబానికి పండుగ రోజు. గుమ్మం దగ్గర నిలబెట్టి దిష్టి తీసి లోపలికి తీసుకువెళ్తారు. అదే రోజున తల్లి చేతిలో ఒక మందుల సంచి, ఒక దళసరి ఫైలు, ఒక థర్మామీటరు ఉంటాయి. అప్పటివరకు నర్సులు వంతులవారీగా చేసిన పనిలో పెద్ద భాగం ఆ క్షణం నుంచి ఆమెకు సంక్రమిస్తుంది. వేళకు మందులు ఇవ్వడం, జ్వరం చూడడం, తిన్నదీ తిననిదీ గమనించడం, ప్రమాదం ఎప్పుడో గుర్తించడం ఇక ఇంటి పని.

ఇంటికి రావడమంటే జబ్బు నయమైపోవడమేనని బంధువులు, ఇరుగుపొరుగు భావించడం సహజం. డిశ్చార్జి అయిన రోజే ‘క్యాన్సర్‌ను జయించిన చిన్నారి’ అని శీర్షికలు పెట్టే వార్తా మాధ్యమాలకూ ఈ అపోహలో కొంత వాటా ఉంది. పిల్లల్లో అత్యధికంగా కనిపించే క్యాన్సర్ తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. దీని చికిత్స మొత్తం రెండున్నర నుంచి మూడేళ్లు పడుతుంది. మొదటి నాలుగైదు వారాల ‘ఇండక్షన్’ దశ ముగిసేసరికి చాలామంది పిల్లల ఎముక మజ్జలో క్యాన్సర్ కణాలు సూక్ష్మదర్శినికి దొరకనంతగా తగ్గిపోతాయి. బిడ్డ ముఖంలో కళ వస్తుంది. అయితే కనిపించని కణాలు ఇంకా మిగిలే ఉంటాయి. వాటిని తుడిచిపెట్టేందుకు కొన్ని నెలల పాటు గట్టి కీమోథెరపీ, ఆపైన సుమారు రెండేళ్లు ‘మెయింటెనెన్స్’ అనే నోటి మాత్రల దశ సాగుతాయి. ఈ కాలమంతటిలో బిడ్డ ఇంటికి వచ్చేది ఒక్కసారి కాదు. పలుమార్లు వస్తాడు, పలుమార్లు తిరిగి వెళ్తాడు. మొత్తం చికిత్సలో అత్యధిక దినాలు గడిచేది ఇంట్లోనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, కౌమారులు క్యాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాల్లో వీరిలో 80 శాతానికి పైగా కోలుకుంటుండగా, అనేక అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో ఆ సంఖ్య 30 శాతం కూడా దాటడం లేదు. ఈ అంతరానికి ఆ సంస్థ చూపే కారణాల్లో ఆలస్యంగా గుర్తించడం, వైద్యం అందుబాటులో లేకపోవడంతో పాటు చికిత్సను మధ్యలో మానివేయడం, మందుల దుష్ప్రభావాలతో మరణించడం, వ్యాధి తిరగబెట్టడం ఉన్నాయి. చివరి మూడింటినీ నిర్ణయించడంలో ఆసుపత్రికి ఎంత పాత్ర ఉందో ఇంటికీ దాదాపు అంతే ఉంది.

జ్వరం వస్తే గంటలే లెక్క

డిశ్చార్జి సమయంలో వైద్యులు చెప్పే మాటలన్నీ గుర్తుండకపోవచ్చు. ఒక్కటి మాత్రం ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. కీమోథెరపీలో ఉన్న బిడ్డకు జ్వరం వస్తే అది అత్యవసర పరిస్థితి.

కీమో మందులు క్యాన్సర్ కణాలతో పాటు మజ్జలో తయారయ్యే మంచి కణాలనూ దెబ్బతీస్తాయి. సాధారణంగా మందు ఇచ్చిన వారం, పది రోజుల తర్వాత తెల్ల రక్త కణాలు బాగా పడిపోతాయి. వాటిలో బ్యాక్టీరియాను ఎదుర్కొనే న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గితే శరీరానికి కాపలా లేనట్టే. అప్పుడు ప్రవేశించిన సూక్ష్మజీవి కొద్ది గంటల్లో రక్తమంతా వ్యాపించగలదు. చీము పట్టడం, వాపు రావడం వంటి గుర్తులు కూడా కనిపించవు, ఎందుకంటే ఆ గుర్తులను కలిగించేవి కూడా ఆ తెల్ల కణాలే. మిగిలే సూచన తరచు జ్వరం ఒక్కటే.

థర్మామీటరు 101 డిగ్రీల ఫారెన్‌హీట్ ఒక్కసారి చూపినా, 100.4 డిగ్రీల వద్ద గంటసేపు నిలిచినా ఆలస్యం చేయరాదన్నది విస్తృతంగా పాటిస్తున్న కొలమానం. కొన్ని ఆసుపత్రులు 100.4నే హద్దుగా పెడతాయి. మీ డిశ్చార్జి పత్రంలో ఏ అంకె రాసి ఉంటే అదే మీకు ప్రమాణం. చేయి వేసి చూసి ‘ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది’ అనుకోవడం కొలత కాదు. మలద్వారంలో థర్మామీటరు పెట్టకూడదు, అక్కడి సన్నని పొర చిట్లితే ఇన్‌ఫెక్షన్‌కు దారి దొరుకుతుంది. స్టెరాయిడ్లు వాడుతున్న రోజుల్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం పైకి రాకపోవచ్చు. కనుక చలితో వణకడం, చేతులు కాళ్లు చల్లబడడం, మగతగా పడి ఉండడం, మూత్రం తగ్గడం కనిపిస్తే థర్మామీటరు మామూలుగా ఉన్నా బయలుదేరవలసిందే.

ఇళ్లలో తరచు జరిగే పొరపాటు ఇక్కడే. జ్వరం రాగానే పారాసిటమాల్ ఇస్తారు, జ్వరం తగ్గుతుంది, ‘తగ్గింది కదా, తెల్లవారాక చూద్దాం’ అనుకుంటారు. మందు తగ్గించింది వేడిని, ఇన్‌ఫెక్షన్‌ను కాదు. ఆసుపత్రితో మాట్లాడకుండా పారాసిటమాల్ ఇవ్వవద్దని వైద్యులు చెప్పేది అందుకే. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ అసలే పనికిరావు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న బిడ్డకు అవి రక్తస్రావం తెచ్చిపెట్టగలవు. అదే కారణంగా ఊళ్లో తుంటికి ఇంజెక్షన్ వేయించడమూ ప్రమాదమే. ఆసుపత్రి చేరిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన లక్ష్యం.

హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వచ్చే కుటుంబాల్లో చాలామంది ఊళ్లు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. అర్ధరాత్రి జ్వరం వస్తే అంత దూరం తీసుకురావడం సాధ్యం కాదు, తీసుకురావాలని ప్రయత్నించడం మంచిదీ కాదు. అందువల్ల ఇంటికి బయలుదేరే ముందే మూడు విషయాలు తేల్చుకోవాలి. రాత్రివేళ రక్త పరీక్ష చేసి నరానికి యాంటీబయాటిక్ ఇవ్వగల దగ్గరి ఆసుపత్రి ఏది, అక్కడికి తీసుకువెళ్లే వాహనం ఎవరిది, క్యాన్సర్ వార్డులో రాత్రి ఫోన్ ఎత్తేది ఎవరు. స్థానిక వైద్యుడు ఈ చికిత్స చూసినవారు కాకపోవచ్చు. డిశ్చార్జి పత్రం ఆయన చేతిలో పెట్టి, ‘బిడ్డ కీమోలో ఉన్నాడు, కణాలు తక్కువగా ఉండవచ్చు’ అని మొదటి వాక్యంగా చెబితే చీటీ రాయించుకుని వరుసలో కూర్చోవలసిన పని తప్పుతుంది.

రెండు మాత్రలు, ఒక తెలుగు శాస్త్రవేత్త

మెయింటెనెన్స్ దశకు ఆధారం రెండు పాత మందులు. 6-మెర్కాప్టోప్యూరిన్ రోజూ వేసుకోవాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రెండూ తరచు పసుపు ఛాయలోనే ఉంటాయి. మోతాదును బిడ్డ ఎత్తు, బరువులను బట్టి లెక్క కడతారు కాబట్టి ఒకరోజు ఒక మాత్ర, మరుసటి రోజు ఒకటిన్నర అన్నట్టు కూడా రాసి ఉండవచ్చు. చదువు రాని తల్లికి, కూలికి వెళ్లే తండ్రికి, వారు లేనప్పుడు మందు వేసే అమ్మమ్మకు ఈ లెక్క అంత సులభం కాదు. వారానికొకసారి వేయవలసిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేస్తే నోరంతా పుండ్లు పడి, మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. వివిధ దేశాల్లో నమోదైన, నివారించదగిన పొరపాటు ఇది. ఇంట్లో ‘మంగళవారం మందు’ అని దానికి పేరు పెట్టి, వేరే డబ్బాలో ఉంచి, గోడ క్యాలెండరులో ఆ తేదీల చుట్టూ గీత గీయడం సాధారణమైన ఉపాయమే కానీ గట్టిగా పనిచేస్తుంది.

మందు ఎక్కువైతే ఎంత ప్రమాదమో తగ్గితే అంతే ప్రమాదం, కాకపోతే అది వెంటనే బయటపడదు. అమెరికాలో స్మితా భాటియా నేతృత్వంలో జరిగిన అధ్యయనాలు రాసిన మోతాదుల్లో 95 శాతం కంటే తక్కువ వేసుకున్న పిల్లల్లో వ్యాధి తిరగబెట్టే అవకాశం గణనీయంగా పెరిగినట్టు చూపాయి. 95 శాతం అంటే నెలకు ఒకటి రెండు రోజులు మరిచిపోవడమే. బిడ్డ బడికి వెళ్తూ, ఆడుకుంటూ ఆరోగ్యంగా కనిపిస్తున్నప్పుడు రోజూ మాత్ర మింగించడం ఎందుకన్న సందేహం సహజంగానే కలుగుతుంది. పండుగలు, పెళ్లిళ్లు, ప్రయాణాలు వచ్చినప్పుడే మందు తప్పుతుంది. తప్పిన మోతాదుకు బదులు మరునాడు రెట్టింపు ఇవ్వరాదు. వేసిన వెంటనే వాంతి అయితే మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది ఫోన్ చేసి అడగాలి. పాలతో ఇవ్వవచ్చా, పరగడుపున ఇవ్వాలా అన్న విషయంలో ఆసుపత్రుల సలహాలు ఒకేలా ఉండవు. రోజూ ఒకే వేళకు ఇవ్వడం మాత్రం అందరూ చెప్పేదే.

మెథోట్రెక్సేట్ చరిత్రలో తెలుగు నేలకు నేరుగా సంబంధం ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనా విభాగానికి సారథ్యం వహిస్తూ ఫోలిక్ ఆమ్లం తయారీ మీద కృషి చేశారు. ఫోలిక్ ఆమ్లం అందితే ల్యుకేమియా కణాలు మరింత చెలరేగుతున్నట్టు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అయితే ఆ విటమిన్‌కు అడ్డుపడే పదార్థంతో కణాలను అణచవచ్చు కదా అన్న ఆలోచనకు అవసరమైన రసాయనాలను అందించింది సుబ్బారావు బృందమే. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను తీవ్ర ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో తాత్కాలికంగానైనా మెరుగుదల కనిపించిందని ఫార్బర్ 1948లో ప్రచురించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో మరణించారు. రెండో మాత్ర మెర్కాప్టోప్యూరిన్‌ను గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ రూపొందించారు. వారికి 1988లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ చరిత్ర నుంచి ఇంటికి పనికివచ్చే జాగ్రత్త ఒకటి ఉంది. మెథోట్రెక్సేట్ పనిచేసేదే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడి. నీరసంగా ఉన్నాడని మందుల దుకాణంలో కొనే బలం టానిక్కుల్లో తరచు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. అడగకుండా ఇస్తే ఒక చేత్తో వేసిన మందును మరో చేత్తో విరిచినట్టవుతుంది. ఆకు పసర్లు, పేరు తెలియని పొడులు కాలేయానికి చేసే హాని వేరు. ఆ కాలేయమే ఈ మాత్రలనూ భరిస్తూ ఉంటుంది.

ఆటలమ్మ, పోలియో చుక్కలు

తెలుగు ఇళ్లలో ఆటలమ్మ పోస్తే వేపాకు కట్టి, బిడ్డను చల్లగా పడుకోబెట్టి, మందులకు దూరంగా ఉంచే ఆచారం ఇంకా ఉంది. ఆరోగ్యవంతమైన పిల్లలకు ఆ జబ్బు సాధారణంగా దానంతట అదే తగ్గుతుంది కాబట్టి ఆచారం కూడా నిలిచింది. కీమోలో ఉన్న బిడ్డ విషయంలో ఆ వైరస్ ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకి ప్రాణం తీయగలదు. పొక్కులు కనిపించే వరకు ఆగనక్కరలేదు. పక్కింటి పిల్లవాడికో, తరగతిలో తోటి విద్యార్థికో ఆటలమ్మ వచ్చిందని తెలిసిన రోజే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. వైరస్ సోకే అవకాశం కలిగిన నాలుగు రోజుల్లోపు రక్షణ ఇంజెక్షన్ ఇవ్వగలిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. అది దొరకనప్పుడు వాడే మాత్రలూ ఉన్నాయి. తట్టు విషయంలోనూ ఇంతే తొందర అవసరం. నాయనమ్మతో ఈ మాట ముందుగానే, నొప్పించకుండా చెప్పుకోవడం మంచిది.

మరో విషయం చాలా కుటుంబాలకు తెలియదు. చికిత్స సాగుతున్న కాలంలోను, ముగిసిన తర్వాత కనీసం ఆరు నెలల వరకు బిడ్డకు సజీవ టీకాలు ఇవ్వరు. చుక్కల రూపంలో వేసే పోలియో టీకా అలాంటిదే. ఆ చుక్కలు వేసుకున్న తమ్ముడో చెల్లెలో కొన్ని వారాల పాటు మలం ద్వారా ఆ వైరస్‌ను బయటికి వదులుతారు, అది ఇంట్లోని రోగికి చేరవచ్చు. కనుక పల్స్ పోలియో కార్యకర్త తలుపు తట్టినప్పుడు ఇంట్లో కీమో రోగి ఉన్నాడని చెప్పి, మిగతా పిల్లలకు ఇంజెక్షన్ రూపంలోని పోలియో టీకా వేయించే విషయం వైద్యునితో మాట్లాడాలి. తోబుట్టువులకు ఇతర టీకాలు మానకూడదు. వారికి రక్షణ ఉంటేనే రోగికీ రక్షణ.

పథ్యం పేరిట పస్తు

జబ్బు మనిషికి పథ్యం పెట్టడం మన ఇళ్లలో ప్రేమకు ఒక రూపం. వంకాయ వేడి, గుడ్డు వాతం, చేప పడదు, పులుపు వద్దు అని తీసివేస్తూ పోతే చివరికి కంచంలో చారన్నం మిగులుతుంది. కీమోలో బరువు తగ్గిన బిడ్డ మందులను తట్టుకోలేడు, ఇన్‌ఫెక్షన్లకు త్వరగా లొంగిపోతాడు. అతనికి కావలసింది తినగలిగినంత తిండి. బాగా ఉడికిన గుడ్డు, పప్పు, చేప, మాంసం, కాచిన పాలు, నెయ్యి వేసిన అన్నం ఏవీ నిషిద్ధం కావు. కణాలు తక్కువగా ఉన్నప్పుడు పచ్చివన్నీ మానిపించే కఠిన ఆహార నియమాల వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. అక్కరకు వచ్చేది శుభ్రత. వేడిగా వండి వెంటనే పెట్టడం, కాచి చల్లార్చిన నీరు, తొక్క ఒలిచి తినే పండ్లు, వండేవారు సబ్బుతో చేతులు కడుక్కోవడం. పానీపూరీ, రోడ్డు పక్క కోసి ఉంచిన పండ్లు, కాచని పాలు, బయటి ఐసు వద్దు.

స్టెరాయిడ్లు వాడే రోజుల్లో పరిస్థితి తలకిందులవుతుంది. బిడ్డ అర్ధరాత్రి లేచి పులిహోర కావాలంటాడు, ఇవ్వకపోతే ఏడుస్తాడు, కారణం లేకుండా కోప్పడతాడు. ముఖం ఉబ్బుతుంది. ఇది గారాబం వల్ల వచ్చిన మొండితనం కాదు, మందు ప్రభావం. కోర్సు ఆగాక తగ్గుతుంది. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ తర్వాత మలబద్ధకం, కాళ్ల నొప్పులు, నడకలో తడబాటు రావచ్చు. వీటిని తదుపరి సందర్శనలో తప్పక చెప్పాలి. మలబద్ధకానికి ఇంట్లో ఎనిమా మాత్రం ఇవ్వకూడదు.

బస్సు చార్జీలూ చికిత్సలో భాగమే

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వ ఆరోగ్య పథకాలు, దేశవ్యాప్తంగా ఆయుష్మాన్ భారత్ వల్ల పేద కుటుంబాలకు మందుల ఖర్చు చాలావరకు తగ్గింది. అయితే చికిత్స మధ్యలో ఆగిపోవడానికి మందుల ఖర్చు ఒక్కటే కారణం కాదు. ప్రతి సందర్శనకు ఇద్దరి ప్రయాణం, రెండు మూడు రోజుల కూలి నష్టం, నగరంలో గది అద్దె, ఇంటి దగ్గర వదిలి వచ్చిన పిల్లల సంరక్షణ, ఇవేవీ ఏ ప్యాకేజీలోనూ పూర్తిగా ఉండవు. బిడ్డ బాగున్నట్టు కనిపిస్తున్న మెయింటెనెన్స్ దశలో ‘ఈ నెలకు ఆగుదాం’ అనిపించేది అందుకే. ఆ మాట అనే తండ్రిని తప్పుపట్టడం తేలిక. అతని ముందున్న లెక్క తేలికైనది కాదు.

ఉన్న సౌకర్యాలైనా అందరికీ తెలియాలి. చికిత్స, పరీక్షల కోసం ప్రయాణించే క్యాన్సర్ రోగికి రైల్వేలో స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ ఉన్నాయి. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత పత్రం అవసరం. 2006లో ముంబయిలో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ హైదరాబాద్ సహా పలు నగరాల్లో క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచిత వసతి కల్పిస్తోంది. ఆసుపత్రిలోని వైద్య సామాజిక కార్యకర్తను డిశ్చార్జికి ముందే కలిస్తే ఇలాంటి వివరాలు తెలుస్తాయి. డబ్బు ఇబ్బందితో రాలేకపోతున్నామని ఫోన్‌లో చెప్పడం నామోషీ కాదు. చెప్పకుండా మానివేయడమే బిడ్డకు నష్టం.

బడి, వీధి, చుట్టాలు

జుట్టు లేని బిడ్డ వీధిలోకి రాగానే పిల్లలు ఆడటం మానేయడం, పెద్దలు తమ పిల్లలను లోపలికి పిలుచుకోవడం నేటికీ జరుగుతున్నది. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. అతని కంచంలో తింటే, పక్కన పడుకుంటే, చేయి పట్టుకుంటే రాదు. అంటుకునే భయం ఉంటే అది మన నుంచి అతనికే. దగ్గు, జలుబు ఉన్న చుట్టాలు చూడటానికి రాకపోవడమే వారు చేయగల మేలు. కీమో ఇచ్చిన తర్వాత రెండు రోజుల వరకు మూత్రంలో, వాంతిలో మందు అవశేషాలు ఉంటాయి కాబట్టి శుభ్రం చేసేవారు చేతి తొడుగులు వేసుకోవాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. గర్భిణులు ఆ పని చేయకపోవడం మంచిది.

గట్టి కీమో దశ పూర్తయి కణాలు నిలకడగా ఉన్నాక చాలామంది పిల్లలు బడికి వెళ్లవచ్చు. తేదీని వైద్యులు చెబుతారు. ప్రధానోపాధ్యాయుడికి ముందుగా రెండు విషయాలు తెలిపితే చాలు: జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయాలి, తరగతిలో ఆటలమ్మ లేదా తట్టు కనిపిస్తే అదే రోజు చెప్పాలి. తోటివారికంటే ఒక ఏడాది వెనకబడతాడని ఇంట్లోనే ఉంచే తల్లిదండ్రులున్నారు. బిడ్డకు కావలసింది మార్కుల కంటే ముందు స్నేహితులు. నెలల తరబడి నాయనమ్మ దగ్గర మిగిలిపోయిన అక్కకో తమ్ముడికో కూడా ఈ ఇంటిరాక రోజున కాస్త చోటు దక్కాలి. వారు అడగరు.

మాత్రలు ఆగిన తర్వాత

చివరి మాత్ర వేసిన రోజు చాలామంది తల్లులు సంతోషం కంటే భయమే ఎక్కువగా కలిగిందని చెబుతుంటారు. రోజూ కాపాడుతున్నదేదో ఆగిపోయినట్టు అనిపిస్తుంది. తొలి ఏడాది తరచుగా, తర్వాత దూరదూరంగా పరీక్షలు ఉంటాయి. కారణం లేని పాలిపోవడం, ఒంటిమీద నీలి మచ్చలు, వదలని తలనొప్పి, మగపిల్లల్లో వృషణం నొప్పి లేకుండా గట్టిపడడం కనిపిస్తే తేదీ కోసం ఆగకూడదు. ఏళ్లు గడిచేకొద్దీ తిరగబెట్టే ముప్పు తగ్గుతూ వస్తుంది. అయిదేళ్లు దాటాక అది అరుదు.

అప్పటి నుంచి చూడవలసింది మందులు మిగిల్చిన గుర్తులను. డానోరూబిసిన్, డాక్సోరూబిసిన్ వంటి మందులు గుండె కండరాన్ని ఏళ్ల తర్వాత బలహీనపరచగలవు. స్టెరాయిడ్లు తుంటి ఎముకను దెబ్బతీసే అవకాశం ఉంది. ఎదుగుదల, దంతాలు, సంతాన సామర్థ్యం కూడా గమనించవలసినవే. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి చికిత్స పూర్తిచేసుకున్న పిల్లల కోసమే 1991లో ప్రత్యేక క్లినిక్ ప్రారంభించింది.

అందువల్ల చికిత్స ముగిసిన రోజున కుటుంబం ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోవలసినది ఒక సారాంశ పత్రం. ఏ రకం ల్యుకేమియా, ఏ మందులు మొత్తం ఎంత మోతాదు, రేడియేషన్ ఇచ్చారా, ఎప్పుడు ఆపారు అన్నవి అందులో ఉండాలి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం దాచే పెట్టెలోనే దాన్నీ దాచాలి, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి. ఆరేళ్ల వయసులో చికిత్స పొందిన అమ్మాయి ఇరవై అయిదేళ్లకు గర్భం దాల్చినప్పుడు, ఆమె గుండెకు స్కానింగ్ అవసరమా అని నిర్ణయించవలసిన డాక్టరుకు ఆ కాగితం ఒక్కటే ఆధారం కావచ్చు.